సిరా అయిపోయింది

సమూయేలు సారుకు కోపం వస్తే కర్ర తీసేవారు కాదు, టీసీ ఫారం తీసేవారు. గోడ దూకినా టీసీ, హాజరీలో పక్కవాడికి బదులు పలికినా టీసీ, ప్రార్థనలో గట్టిగా తుమ్మినా టీసీ. మంగళగికి నాలుగు మైళ్ల దూరంలోని ఆ హైస్కూలుకు ఆయన హెడ్మాస్టరై ఎనిమిదేళ్లయింది. ఆయన తీసిన ఫారాల లెక్కన ఆ బడి ఈపాటికి రెండుసార్లు ఖాళీ కావాలి. ఒక్క పిల్లవాడూ పోలేదు.

జహీరాబాదు నుంచి కొత్తగా వచ్చిన లెక్కల టీచరు సూర్యకళకు ఈ వింత ఎంతకీ బోధపడలేదు. బోధపడకముందే ఆమె కూడా ఒకణ్ణి ఆయన దగ్గరికి పట్టుకుపోయింది.

వాడు మంగళగి నర్సప్ప, పదో తరగతి. ఆమె బోర్డు వైపు తిరగడమే ఆలస్యం, మొదటి పీరియడులోనే గురక. ఎందుకురా అంటే నేల చూపులు. నాలుగోరోజు ఆమె ఓపిక నశించి చెవి పట్టుకుని ఆఫీసు గదికి లాక్కుపోయింది.

"పాఠంల పండుకుంటుండా? టీసీ!" అని సారు బల్ల గుద్దారు.

సూర్యకళ వాడి చెవి వదిలేసింది. పబ్లిక్ పరీక్షకు ఇంకా రెండు నెలలే ఉన్నాయి. ఇప్పుడు పేరు కొట్టేస్తే వాడి చదువు అంతటితో సరి.

"జర గదమాయిస్తె చాలు సార్..."

"నువ్వాగమ్మా. నాకు కోపమొచ్చింది."

సారు దగ్గర హైదరాబాదు సర్కారు నాటి ఉర్దూ ఫారాలు ఒక కట్ట, మైసూరు సర్కారు పంపిన కన్నడ ఫారాలు ఒక కట్ట ఉండేవి. ఉర్దూ ఫారం మీద కుడి నుంచి మొదలుపెట్టారు. రాజ్యం మారిందని గుర్తొచ్చి, కన్నడ ఫారం తీసి ఎడమ నుంచి మళ్లీ మొదలుపెట్టారు.

"మీ అయ్య పేరేందిరా?"

"భీమప్ప సార్."

"ఏం జేస్తుండు?"

"ఎవుసం సార్. ఇప్పుడు మంచంల ఉన్నడు, కాలిరిగింది."

"ఎడ్లెన్ని?"

సూర్యకళ మెడ సాచి చూసింది. ఫారంలో ఎడ్ల ఖానా లేదు.

"రెండు సార్."

"మోట ఎవరు గొడ్తున్నరు?"

మోట ఖానా కూడా లేదు.

"నేనే సార్. కోడికూతకు లేచి చెరుకుకు నీళ్లు పెట్టి, నడిచి వస్తున్న."

"ఏం దిని వస్తున్నవ్?"

వాడు జారుతున్న లాగు పైకి లాక్కున్నాడు. పుట్టుమచ్చల ఖానా దగ్గర సారు "చేతులు సాపు" అన్నారు. రెండు అరచేతుల నిండా బొబ్బలు. సారు కాసేపు చూసి కలం మూసేశారు.

"సిరా అయిపోయింది. మిగిలింది తర్వాత రాస్త. పో!"

సిరా బుడ్డి మెడదాకా నిండుగా ఉంది. సూర్యకళ బుడ్డిని, సారును మార్చి మార్చి చూసింది.

మర్నాటికి టైంటేబిలు మారిపోయింది. మొదటి పీరియడు డ్రిల్లు, లెక్కలు మూడోది.

"ఎందుకు సార్?"

"పొద్దెక్కినంకనే లెక్కలు తలకెక్కుతయమ్మా."

ఆరేళ్లుగా లెక్కలు చెబుతున్నా ఆమె ఈ సంగతి ఎక్కడా వినలేదు. పైగా నర్సప్పకు డ్రిల్లు బందు, ఆ పీరియడంతా సామాన్ల గదిలో ఒంటరిగా ఉండాలని శిక్ష వేశారు, అదీ పరీక్షలదాకా. తన మూలంగా పిల్లవాడు చీకటికొట్లో పడ్డాడని ఆమె ప్రాణం ఉసూరుమంది. వారం చూసి, సారును బతిమాలుకుందామని బయల్దేరింది.

సామాన్ల గది బయట సారు చెప్పులు చేత్తో పట్టుకుని వట్టి కాళ్లతో నిలబడి ఉన్నారు.

"గంట జర మెల్లగ గొట్టు శంకరప్పా, లేస్తడు," అని ప్యూను చెవిలో చెబుతున్నారు.

ఆమె తలుపు సందులోంచి చూసింది. డ్రిల్లు చాపల మీద నర్సప్ప గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. తలాపున సారుగారి టిఫిన్ డబ్బా, ఖాళీగా.

ఆమెను చూడగానే సారు చెప్పులు కిందపడేసి మీసం మెలేశారు. "కఠినమైన శిక్షమ్మా. పిల్లలకు చెప్పకు, భయపడ్తరు."

ఆయన అటు వెళ్లగానే సూర్యకళ శంకరప్పను పట్టుకుంది. "మరి టీసీ?"

"ఎనిమిదేండ్ల సంది సిరా అయిపోతనే ఉందమ్మా," అన్నాడు శంకరప్ప.

నర్సప్ప లెక్కల్లో నలభై రెండు మార్కులతో గట్టెక్కాడు. ఆ మార్కులు చూసుకుని సూర్యకళ వాడికంటే ఎక్కువ సంబరపడింది.

బడి మళ్లీ తెరిచిన వారానికే, కొట్టుకుంటున్న ఇద్దరు పిల్లల్ని ఆమె ఆఫీసు గదికి పట్టుకొచ్చింది.

"టీసీ!" అని సారు బల్ల గుద్ది, అలవాటుగా ఉర్దూ కట్ట విప్పారు. సూర్యకళ చప్పుడు కాకుండా సిరా బుడ్డిని కొంగు చాటుకు తీసుకుంది.

"సార్, సిరా అయిపోయింది."

సారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని అయోమయంగా బల్లంతా వెతికారు.

"అప్పుడేనా? ఇంకా అయ్య పేరు సుత అడగకపోతినమ్మా!"