ముందు మైలోడి దిక్కు

ఈమధ్య మా వీధిలో కొత్తగా తారు పోశారు. సాయంత్రం ఇంటి మెట్ల మీద కూర్చుని చెప్పుల అడుగున అంటుకున్న ముద్దను పుల్లతో గీకుతుంటే, వేడికి మెత్తబడిన ఆ తారు వాసనకు మా ఊరి రోడ్డు గుర్తొచ్చింది. దేవరకొండకు పోయే రోడ్డు, దాని పక్కన మా ఊరు, ఎండాకాలం మధ్యాహ్నాలు పెద్దలంతా కునుకు తీస్తుంటే సందు చూసుకుని ఆ రోడ్డు మీదికి ఉరికే మా గుంపు.

అప్పట్లో ఆ రోడ్డు ఒక్క లారీకి సరిపోయేంత వెడల్పు ఉండేది. రెండు ఎదురైతే ఏదో ఒకటి మట్టిలోకి దిగాలి. వాహనాల కంటే మా ఊరే దాన్ని ఎక్కువ వాడుకునేది. చలికాలం చివర ఉలవ కట్టె తెచ్చి అడ్డంగా పరిస్తే బస్సులూ లారీలూ తొక్కుకుంటూ పోయి గింజ రాల్చేవి. ఆడవాళ్లు ఊడ్చి, చేటల్లో చెరిగి, డ్రైవర్లకు చెయ్యి ఊపి పంపించేవాళ్లు. ఎండలు ముదిరితే అదే జాగాలో చింతపండు, మిరపకాయలు. మధ్యాహ్నం తారు కరిగితే గిల్లి ఉండలు చేసి గోళీలు ఆడేవాళ్లం, పాత సైకిల్ టైర్లను పుల్లతో కొట్టుకుంటూ ఎవరిది ముందు పడిపోతుందో చూసేవాళ్లం. తొలి వానకు ఎర్రటి ఆరుద్ర పురుగులు నల్లటి రోడ్డు దాటుతుంటే ఏరి అగ్గిపెట్టెల్లో దాచేవాళ్లం. పీర్ల పండుగ నాడైతే రోడ్డు పూర్తిగా ఊరిదే. పీర్లు సాగిపోయేదాకా బస్సులు ఆగేవి, డ్రైవర్లు కూడా దిగి చేతులు చాపి మలీద తీసుకునేవాళ్లు. ఆ మలీద బస్సు స్టేజీ దగ్గర కిరాయి సైకిళ్ల దుకాణం నడిపే పాషా మామ ఇంటి నుంచి వచ్చేది. బెల్లం, రొట్టె, నెయ్యి కలిపి నలిపిన ఆ ముద్ద తిన్నాక అరచేయి సాయంత్రం దాకా వాసన చూసుకునేవాణ్ణి.

ఈ రోడ్డు మీద అందరికంటే ఎక్కువ హక్కు మా అవ్వది. మా నాయిన చిన్నప్పుడు కరువు పనుల కింద రోడ్డు వేస్తుంటే ఆమె గంపలతో కంకర మోసిందట. అందుకని ఎప్పుడు నడిచినా సరిగ్గా నడిమధ్యలో, తన పొలం గట్టు మీద నడిచినట్టు నడిచేది. వెనక లారీ హారన్ కొడితే నిలబడి, తీరిగ్గా తిరిగి, "కంకర మోసింది నేను. నీ తాత ఏసిండా రోడ్డు? పక్కపొంటి పో!" అనేది. డ్రైవర్లు నవ్వుకుంటూ మట్టిలోకి దింపేవాళ్లు.

కానీ ఆమె మేకపిల్ల ఒకటి లారీ కింద పడిన తర్వాత, తన సంగతి ఎట్లా ఉన్నా, పిల్లలను మాత్రం రోడ్డు దరిదాపుల్లోకి రానిచ్చేది కాదు. అక్కడే మా చెల్లెలు అనసూయకు చిక్కొచ్చి పడింది. మా ఊళ్లో బడి ఐదో తరగతి దాకే. ఆపైన దేవరకొండకు నడిచి పోవాలి. నేను అప్పటికే పోతున్నాను. ఐదు పూర్తి చేసిన అనసూయ తానూ వస్తానంది.

"మేకపిల్లకే తెల్వకపాయె, ఆడపిల్లకు తెలుస్తదా?" అంది అవ్వ.

"మేక బడికి పోయిందా అవ్వా? నేను ఐదేండ్లు పోయిన" అంది అనసూయ.

నాయిన ఇద్దరి మాటా విని తీర్పు చెప్పాడు. "బడి తెరిసేదాంక రోడ్డు మీద నడుసుడు నేర్సుకోమను. నేర్సుకుంటె తోలుత. లేకుంటె ఇంట్ల ఉంటది."

నేర్పడానికి మా ఊరి సారు ముందే ఒక దారి వేశారు. ఏటా వేసవి సెలవులకు ముందు ఐదో తరగతి వాళ్లకు ఆయన రోడ్డు పాఠం చెప్పేవారు. బడి ముందు ముగ్గుపిండితో రెండు గీతలు గీసి, మధ్యది రోడ్డు అనుకోమని, అంచున వరసగా నిలబెట్టి, "కుడి చూడు, ఎడమ చూడు, మళ్లీ కుడి చూడు, అప్పుడు దాటు" అని పాటలాగా పాడించేవారు. బండి ఎడమ పక్కన పోతుంది, మనిషి కుడి పక్కన నడవాలి, ఎదురొచ్చేది కంటికి కనబడాలి. ఏది కుడో తెలియని వాళ్లకు ఒకటే గుర్తు: అన్నం తినే చెయ్యి. అందరి తలలూ ఒకవైపు తిరిగితే అనసూయ తల ఇంకోవైపు తిరిగేది, పక్క పిల్ల ముక్కుకు దీని ముక్కు గుద్దుకునేది. కొంటెతనం అనుకుని సారు చెవి మెలిపెట్టేవారు. మా చెల్లెలు మరింత నమ్మకంగా అటే తిరిగేది.

ఆ సెలవులంతా మా వాకిలే రోడ్డు. నేను లారీ, కోళ్లు జీపులు, బిందె చంకన పెట్టుకుని వచ్చే అమ్మ ఎర్ర బస్సు. అనసూయ గడప దిగితే పాట, నీళ్ల గోలెం దగ్గరికి పోతే పాట, తాటిముంజలు తెచ్చుకోవడానికి లేచినా పాట. మా వాకిట్లో లారీలు నాలుగు దిక్కుల నుంచీ వచ్చేవి గనుక తప్పు ఎవరికీ దొరకలేదు.

దొరికింది నాయిన పరీక్ష పెట్టిన రోజున. స్టేజీ దగ్గర రోడ్డు అంచున నిలబెట్టి దాటమన్నాడు. అనసూయ పాట పూర్తిగా పాడింది, తల మూడుసార్లు తిప్పింది, ధీమాగా అడుగు వేసింది. అదే క్షణంలో కుడి నుంచి జనాన్ని కుక్కుకున్న జీపు దూసుకొచ్చింది. నాయిన జడ పట్టి వెనక్కి గుంజాడు.

"చూసిన గద నాయినా!"

"ఏం చూసినవ్? జీపు ఇటుకెల్లి వస్తుంటె రెండుమార్లు అటు చూసినవ్. ఇగ బడి లేదు ఏం లేదు."

ఆ సాయంత్రం జొన్నగట్క, మామిడికాయ పప్పు. అనసూయ ఏడుస్తూనే తింటోంది. ఉన్నట్టుండి అవ్వ గద్దించింది.

"ఏ చెయ్యే అది?"

ఎడమ చెయ్యి. మా చెల్లెలిది పుర్రచేతి వాటం. అవ్వ ఎన్నోసార్లు వేళ్ల మీద కొట్టి మాన్పించాననుకుంది. నిజానికి అనసూయ అవ్వ ముందు కుడి చేత్తో, అవ్వ వెనక ఎడమ చేత్తో తినేది. ఆ రోజు దుఃఖంలో దాపరికం మరచిపోయింది. ఇక దాచేదేముందన్నట్టు పప్పు కారుతున్న ఆ చేతిని పైకెత్తింది.

"తినే చెయ్యి! సారు జెప్పిన తినే చెయ్యి! దీని దిక్కే చూసిన నేను!"

ఒక్క నిమిషం ఎవరికీ అర్థం కాలేదు. ముందు అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత నాయిన భుజాలు కదిలాయి. నాకు పొలమారింది. అవ్వ మాత్రం, "అమ్మో, నా ముందట ఒక చెయ్యి, ఎనుక ఒక చెయ్యా! ఎంత జాదువే పొల్లా!" అని నోరు తెరిచింది.

తప్పు తెలిసింది కానీ దిద్దడం సులువు కాలేదు. "తినని చెయ్యి దిక్కు చూడు" అని నాయిన చెప్పి చూశాడు. నెమ్మదిగా అడిగితే సరిగ్గా చూపేది, తొందరపెడితే తల మళ్లీ పాత వైపే తిరిగేది. బడి తెరిచే రోజు దగ్గరపడుతోంది.

ఒకనాడు పొద్దున అవ్వ అనసూయను బండి తొట్టిలో ముందు కూర్చోబెట్టింది. బండికి మా ఎడ్లు కట్టి ఉన్నాయి. కాడికి కుడి పక్కన కట్టేది ఎలపటి ఎద్దు, ఎడమ పక్కన కట్టేది దాపటి ఎద్దు. మా ఎలపటిది మైలోడు, బూడిద రంగుది, దగ్గరికి పోతే పొడిచేది. దాపటిది కర్రోడు, నల్లటిది, అనసూయ గడ్డి పెడితే చెయ్యి నాకేది.

"పొడిసేటోడు ఏ దిక్కు?"

"ఈ దిక్కు" అని అనసూయ కుడి వైపు చూపింది, ఆలోచించకుండా.

"వాన్ని ముందు చూడాలె. తర్వాత మనోడు కర్రోన్ని చూడు. మల్ల ఒకపారి వాన్నే చూడు, పొడిసేటోన్ని నమ్మొద్దు. చెయ్యి సంగతి మర్సిపో. ఏడ నిలబడ్డా బండి మీద కూసున్న అనుకో."

"అయితే బడికి తోల్తరా అవ్వా?"

"బడికని ఎవలన్నరు? పానానికని జెప్తున్న."

బండి మీది నుంచి దిగినా మా చెల్లెలి ముందు ఆ రెండు ఎడ్లూ ఉండేవి. నేను వెనక నుంచి వచ్చి ఎంత తొందరపెట్టినా తల ముందు మైలోడి దిక్కే తిరిగేది. నాయిన మళ్లీ పరీక్ష పెడతానన్నాడు. అవ్వ ఒప్పుకోలేదు. "నువ్వు జడ పట్టి గుంజుతవు. అంగడికి నేనే తీస్కపోత. నన్ను తోల్కపోయి తోల్కరావాలె, గప్పుడు జూద్దాం."

అంగడి నాడు సంతకు బయల్దేరాం. అవ్వ తలమీద గుడ్ల గంప, చేతిలో కర్ర, పక్కన అనసూయ, వెనక నేను. అవ్వ అలవాటు ప్రకారం రోడ్డు నడిమధ్యకు పోతే అనసూయ కొంగు పట్టి కుడి అంచుకు తెచ్చింది. అవ్వ మళ్లీ మధ్యకు పోయింది, పరీక్ష కోసమో, నిజంగానో ఇప్పటికీ చెప్పలేను. పోయేటప్పుడు ఏమీ కాలేదు. గుడ్లు అమ్మి, మిర్చి బజ్జీలు తిని, నవ్వుకుంటూ తిరిగొచ్చాం. స్టేజీ దగ్గర ఊరి వైపుకు రోడ్డు దాటాలి. పాషా మామ పంక్చరైన ట్యూబును నీళ్లలో ముంచుతూ, "క్యా అవ్వా, అంగడి అయ్యిందా?" అని పలకరించాడు. అవ్వ జవాబు చెప్తూనే, అతని వైపు చూస్తూనే, రోడ్డు మీద కాలు పెట్టింది.

మైలోడి దిక్కు నుంచి బండల లారీ వస్తోంది.

"హో! హో!" అని అరిచింది అనసూయ. ఎడ్లను ఆపే కేక.

అవ్వ నోరింకా మాట్లాడుతూనే ఉంది, కాళ్లు మాత్రం ఆగిపోయాయి. లారీ గాలికి ఆమె కొంగు ఎగిరి గంప మీద పడింది. పాషా మామ ట్యూబు వదిలేసి నీళ్ల తొట్టి పక్కన కూలబడి నవ్వాడు.

"అరె అవ్వా, ఎద్దోలె ఆగినవ్ గదా!"

"నవ్వు, నవ్వు. నా పెండ్లయినకాడికెల్లి నన్ను ఆపినోడు లేడు" అంది అవ్వ, గుండె మీద చెయ్యి పెట్టుకుని. అనసూయ నవ్వలేదు. కర్రోడి దిక్కు చూసింది, మళ్లీ మైలోడి దిక్కు చూసింది, తన పుర్రచేత్తో అవ్వ మణికట్టు గట్టిగా పట్టుకుని దాటించింది.

ఇంటికి రాగానే అవ్వ గంప దించి, నాయినను పిలిచి, ఊరందరికీ వినబడేట్టు చెప్పింది.

"నన్ను ఎద్దును తోలినట్టు తోలింది బిడ్డా. ఇగ దీన్ని బడికి తోలు."

బడి తెరిచిన రోజు మేమిద్దరం కుడి అంచున నడిచి పోయాం, తను ముందు, నేను వెనక. దూరంగా దేవరకొండ గుట్ట మీద మబ్బు కమ్మి ఉంది. ఎదురొచ్చే ప్రతి బండికీ అనసూయ పెద్దమనిషిలాగా పక్కకు జరిగి, నన్నూ జరగమని చెయ్యి ఊపేది. పదో తరగతి దాకా ఆ పెత్తనం సాగింది.

పోయిన నెల ఊరికి పోయాను. అవ్వ లేదు. ఊళ్లో ఒక్క జత ఎడ్లు కూడా లేవు. ఎలపట, దాపట అంటే కుర్రవాళ్లకు విడమరచి చెప్పాల్సి వచ్చింది. రోడ్డు వెడల్పయింది, మధ్యలో గోడ కట్టారు, ఉలవలు ఎండే జాగా లేదు. గోడకు ఎవరో ఒకచోట కన్నం చేస్తే జనం అందులోంచి దూరి దాటుతున్నారు. వాళ్లలో పిల్లలెవరూ లేరు. పిల్లలంతా పసుపు రంగు బడి బస్సులో, అద్దాల వెనక ఉన్నారు. నేను కన్నం దగ్గర ఆగి అటూ ఇటూ చూస్తుంటే, ఒక చిన్న పిల్ల అద్దానికి ముక్కు ఆనించి, కళ్లు పెద్దవి చేసి, నాకు నాలుక చాపి వెళ్లిపోయింది.