బండి మీద ఒక దిక్కు

మా ఇంట్లో ఒక మాట స్థిరపడిపోయింది: దూర ప్రయాణానికి నా నడుము పనికిరాదు. అత్తమ్మ అనేది, మా ఆయన అనేవాడు, చివరికి నన్ను కన్న అమ్మ కూడా ఫోన్లో అదే అనేది. గౌడవెల్లి నుంచి దూలపల్లిలో నేను పనిచేసే కుట్టు షెడ్డు దాకా రోజూ మా ఆయన మోటారు సైకిల్ మీదే పోయేదాన్ని. అంత దూరానికి నా నడుము ఏమీ అనేది కాదు. కానీ చెల్లెలి పెళ్లికి సిద్దిపేట అవతల దాకా అదే బండి మీద పోయి దిగేసరికి నిటారుగా నిలబడలేకపోయాను. పందిట్లో తలంబ్రాలు పోస్తుంటే నేను లోపలి గదిలో చాప మీద పడి ఉన్నాను. సొంత చెల్లెలి పెళ్లి విన్నాను గానీ చూడలేదు.

అప్పుడైనా ఎవరూ నేను కూర్చున్న తీరు గురించి అడగలేదు. రెండు కాళ్లూ ఎడమ దిక్కుకే వేలాడేసి, ఒళ్లో సంచి, ఒక చెయ్యి ఆయన భుజం మీద, ఇంకో చెయ్యి సీటు వెనక కడ్డీ మీద. బండి పోయేది ముందుకు, నా మొహం ఉండేది పక్కనున్న చేల వైపు. దారి పొడుగునా నడుము మెలిపడే ఉంటుంది. గుంత ముందుగా కనబడదు, ఎగిరి పడ్డాకే తెలుస్తుంది. బ్రేకు వేస్తే సంచితో సహా జారిపోతాను. పక్క నుంచి లారీ దూసుకుపోతే బండి ఒక దిక్కు గుంజుతుంది, అప్పుడు మా ఆయన "కదలకు" అని నా మీదే అరుస్తాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు! ఆయన దోస్తు ఒకడు ఇదే బండి వెనక కూర్చొని వేములవాడ పోయి వచ్చాడు. అతని నడుము గురించి మా ఇంట్లో ఒక్కరూ మాట్లాడలేదు. అతను అటో కాలు ఇటో కాలు వేసి కూర్చున్నాడు మరి.

ఆ తర్వాత చెల్లెలికి ఆడపిల్ల పుట్టింది. బిడ్డను తొట్టెలలో వేసి పేరు పెట్టే వేడుకకు చెల్లెలి అత్తగారింటి నుంచి కబురు వచ్చింది. తెలంగాణ కోసం బస్సులు బంద్ పడ్డ రోజులవి. బండి తప్ప దారి లేదు.

"నేనొక్కణ్నే పోయొస్త. పిల్లకు బట్టలిచ్చి మర్లొస్త. గంత దూరం నీ నడుము ఆగది" అన్నాడు మా ఆయన.

పెళ్లి పోయింది. ఇప్పుడు ఈ పసిదాన్ని ఎత్తుకునే రోజు కూడా పోగొట్టుకోవడానికి నేను సిద్ధంగా లేను.

"నేనొస్త. రెండు దిక్కుల కాళ్లేసి కూసుంట" అన్నాను.

బియ్యం చెరుగుతున్న అత్తమ్మ చేట ఆపింది. "ఏందే! నలుగురు జూస్తె ఏమంటరు?"

"నాట్లేసేటప్పుడు గోచి వెట్టి, మోకాళ్ల దాక చీరె ఎగ్గట్టి పొలంల దిగుతం గదా అత్తమ్మా. అప్పుడు గా నలుగురు యాడికి పోతరు?"

"గది పని."

"గిది గూడ పనే. మూడు గంటల పని."

అత్తమ్మ మళ్లీ చేట అందుకుంది.

పొద్దున్నే పంజాబీ డ్రెస్ వేసుకున్నాను. చున్నీ నడుముకు బిగించి ముడేశాను, ఎగిరే గుడ్డ చక్రంలో పడితే ప్రాణాలే పోతాయి. కట్టుకోబోయే చీరె, పిల్ల బట్టలు పెట్టిన సంచి ఈసారి ఒళ్లో కాకుండా ఇద్దరి మధ్య పెట్టాను. మా ఆయన టైర్లలో గాలి చూశాడు, చైనుకు ఆయిల్ వేశాడు, స్పేర్ ప్లగ్గు, క్లచ్ వైరు పక్క డబ్బాలో పెట్టాడు. ఆ విషయంలో ఆయనకు వంక పెట్టలేం. బండి గురించి అంత ఆలోచించే మనిషికి వెనక కూర్చునే మనిషి గుర్తుకు రాకపోవడమే నా కోపం.

మేడ్చల్‌లో తెలిసినవాళ్లుంటారని ఒక దిక్కే కూర్చోమన్నాడు. కూర్చున్నాను. శామీర్‌పేట చెరువు దాటాక బండి ఆపాడు. కాలు అవతలికి వేసి కూర్చున్నాను. ఇన్నేళ్లలో మొదటిసారి, నేను పోయే రోడ్డు నాకు కనబడింది. రోడ్డు వెడల్పు చేస్తున్నారు, ఎక్కడ చూసినా కంకరే. గుంత వస్తుంటే ముందే చూసి కాళ్ల మీద బరువేసి కొంచెం లేచేదాన్ని. లారీలు పోయినా బండి గుంజలేదు. "ఇయ్యాల బండి మస్తు పోతాంది" అన్నాడాయన. ఎందుకో మాత్రం అనలేదు.

ములుగు రాగానే ఆపాడు. "ఊరొచ్చింది. ఒక దిక్కు కూసో." దిగి ఎక్కాను. ఊరు దాటాక మళ్లీ దిగి, మళ్లీ ఎక్కాను. ప్రజ్ఞాపూర్‌లో అదే తంతు, కుకునూరుపల్లిలో అదే తంతు. మమ్మల్ని ఎరిగిన పురుగు కూడా ఆ ఊళ్లలో లేదు. రాజీవ్ రహదారి మీద ఎన్ని ఊళ్లున్నాయో రోడ్డు వేసినవాళ్ల కంటే నాకే బాగా తెలుసు. సిద్దిపేట దాటేసరికి నడుము బాగానే ఉంది, మోకాళ్లే అరిగిపోయాయి.

చెల్లెలి ఊరికి తిరిగే మలుపు దగ్గర మళ్లీ ఆపాడు.

"ఇగ గిదే ఆఖరు. మీ చెల్లె అత్తగారి ఊరు. జెర ఇజ్జత్ ఉంచు."

దిగాను. కానీ ఎక్కలేదు.

"ఎవరి ఇజ్జత్? నీదా, నాదా?"

"ఇద్దరిది."

"గట్లయితే నువ్వు గూడ ఒక దిక్కు కూసోని నడుపు."

ముందు నవ్వాడు. నేను నవ్వలేదని చూసి కోపమొచ్చింది. "ఐతె నడిసి రా" అని బండి ముందుకు ఉరికించాడు.

నడిచాను. కోపంతో పాటు ఏడుపూ వచ్చింది. తొట్టెల నాడు చెల్లెలి ఊళ్లోకి ఒంటరిగా నడిచిపోతే మొగుడు వదిలేశాడంటారు. అంటే అననీ. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు భయపడితే ఎట్లా? కొంత దూరంలో బండి ఆగి ఉంది. నేను లేకుండా గడపలోకి పోతే ఏం చెప్పాలో ఆయనకూ తోచి ఉండదు. దగ్గరికి పోయాను. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. కాలు అవతలికి వేసి కూర్చున్నాను. ఊళ్లోకి అట్లాగే పోయాము.

ఇంటి ముందు దిగి నిటారుగా నిలబడ్డాను. చీరె మార్చుకొని నేరుగా తొట్టెల దగ్గరికి పోయి పిల్లను ఎత్తుకున్నాను. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. పాటలు పాడుతున్నంతసేపూ తొట్టెల తాడు నా చేతిలోనే ఉంది. చెల్లెలు రెండుసార్లు అడిగింది, "జెర సేపు పండుతవా అక్కా?" అని. పండనన్నాను.

సాయంత్రం మళ్లీ డ్రెస్ వేసుకొని బయటికి వచ్చేసరికి చుట్టాలంతా గడప దగ్గర చేరారు. మా ఆయన బండి స్టార్ట్ చేసి హ్యాండిల్ వైపే చూస్తున్నాడు. చెల్లెలి అత్త నా భుజం మీద చెయ్యి వేసి మెల్లగా అంది, "ఒక దిక్కు కూసో బిడ్డా. సూసేటోళ్లకు మంచిగుంటది."

నేను కాలు అవతలికి వేసి, సంచి సర్దుకున్నాను.

"సూసేటోళ్లు గీ గడప కాడ్నే ఉంటరు అత్తమ్మా. గౌడవెల్లి దాక పోయేది నేను."