బండికి ప్రెషర్ చూసిన రోజు

మా ఆయన పుట్టపర్తిలో ఒక విదేశీ జంట వ్యాను చూశాడు. అందులో మంచం, పొయ్యి, కొళాయి అన్నీ ఉన్నాయట. ఇంటిని వెంటబెట్టుకొని తిరగొచ్చన్న ఆలోచన ఆ రోజు ఆయన తలలో దూరి మళ్లీ బయటికి రాలేదు. తొంభైల చివర్లో హిందూపురంలో ఒక పాత డీజిల్ వ్యాను కొన్నాడు. వడ్రంగిని పిలిపించి వెనకాల మంచం బిగించి, ఒక మూల స్టవ్వు, పైన నీళ్ల ట్యాంకు పెట్టించాడు. తెల్ల రంగు వేయించాడు. ఉన్న ఇల్లు కురుస్తుంటే ఇంకో ఇల్లెందుకని మా అత్త ఒక్కసారి అడిగి, మధ్యాహ్నాలు వ్యాను మంచం మీదే పడుకోవడం మొదలుపెట్టింది.

ఇంజన్‌లో ఆయిల్ ప్రెషర్ పడిపోతే వెలగాల్సిన ఎర్ర లైటు ఒకటి ఆ వ్యానుకు ఉండేది. అది ఎప్పుడూ వెలగలేదు. ఇంజన్ బాగుందని వెలగడం లేదా, బల్బు మాడిపోయి వెలగడం లేదా అన్న అనుమానం ఆయన్ను పీడించింది. చివరికి బెంగళూరు నుంచి ముల్లున్న మీటరు, దానికి సెండరు తెప్పించాడు. సెండరంటే గుప్పిట్లో పట్టే ఇత్తడి డబ్బా. ఇంజన్ పక్కన దాన్ని మరతో బిగిస్తే, లోపల ఆయిల్ ఎంత బలంగా తోస్తోందో కనిపెట్టి ఒక వైరు ద్వారా మీటరుకు చెబుతుంది. చుక్క ఆయిల్ కారకూడదని ఆయన ఆ మరకు, కొళాయిలకు చుట్టే తెల్ల టేపు చుట్టాడు. ఒక చుట్టు సరిపోదనిపించి, ఇంకా ఇంకా చుట్టాడు.

మర్నాడే ధర్మవరంలో మా చెల్లెలి బిడ్డకు పేరు పెట్టే వేడుక. ఆయన, నేను ముందు, అత్త వెనక మంచం మీద. హిందూపురం దాటకముందే ముల్లు సున్నాలో కూర్చుంది. ఇంజన్ మాత్రం ఎప్పటిలాగే నడుస్తోంది. ఆయన ముఖం వాడిపోయింది. ఇంతలో చక్రం ఒక గుంతలో పడింది. ముల్లు లేచి నిలబడి మళ్లీ పడుకుంది. ఇంకో గుంతలో మళ్లీ లేచింది. అంతే, అక్కణ్నుంచి ఆయన గుంతలు వెతుక్కుంటూ నడిపాడు. మంచి రోడ్డు వదిలి పక్కకు దించి మరీ గుంతల్లో వేశాడు. వెనకాల అత్త మంచం రెండు పట్టెలూ పట్టుకొని, దేవుళ్లను ఒక్కొక్కరినీ పిలుస్తూ ఉంది.

పెనుకొండ దగ్గరికి వచ్చేసరికి రోడ్డు నున్నగా ఉంది. మాకు అదే కష్టమైంది. ముల్లు లేవలేదు. ఆయన బస్సులు ఆగే చోటికి కాస్త ఇవతల వ్యాను నిలిపి, గోనెసంచి పరుచుకొని కిందికి దూరాడు. ఆయన సెండరు బిగించడం, నేను ఇంజన్ స్టార్ట్ చేసి ముల్లు చూసి చెప్పడం, మళ్లీ ఆపడం. ఇదీ పని. తల మీద తువ్వాలు వేసుకున్న ఒక రైతు వచ్చి, తెల్ల వ్యానును, లోపలి మంచాన్ని, మంచం మీది అత్తను చూసి, ప్రెషర్ చూస్తాండారా అని అడిగాడు. కింది నుంచి మా ఆయన, చూస్తాండామప్పా అన్నాడు.

నేను ముల్లు మీదే కళ్లు పెట్టుకొని ఉన్నాను. వెనకాల రైతు ఎక్కి మంచం మీద కూర్చున్న సంగతి, చొక్కా చేయి పైకి మడిచి అత్త ముందు చాపిన సంగతి నాకు తెలియదు.

"ఎంతుండాదిమే?" కింది నుంచి ఆయన అడిగాడు.

"సున్నా," అన్నాను గట్టిగా.

వెనక నుంచి రైతు సన్నటి గొంతుతో, "నాకేనామ్మా సున్నా?" అన్నాడు.

తిరిగి చూస్తే రైతు వెనక ఇంకా నలుగురైదుగురు మెట్టు దగ్గర నిలబడి ఉన్నారు. ఇది ఆసుపత్రి వ్యాను కాదని, చూస్తోంది బండి ప్రెషరని నేను చెప్పాను. ఎవరూ పట్టించుకోలేదు. అత్తకు చాలా ఏళ్లుగా బీపీ ఉంది. డాక్టర్లు తనను అడిగినవన్నీ ఆమెకు కంఠతా వచ్చు. ఒక్కొక్కరి చేయి పట్టుకొని ఉప్పు ఎక్కువ తింటావా, ఊరగాయ తింటావా, ఎవరి మీద కోపమొస్తుంది అని అడగడం మొదలుపెట్టింది. కోపం సంగతి అడిగేసరికి జనం బాగా విప్పి చెప్పారు. క్యూ పెరిగింది.

వాళ్లలో ఒక ముసలామె కూర్చోగానే పక్కకు వాలింది. తల తిరుగుతోందని, పొద్దుట్నుంచి కళ్లు మసకగా ఉన్నాయని చెప్పింది. అత్త ముఖం మారింది. కిటికీలోంచి తల బయట పెట్టి కొడుకును పిలిచింది. "ఒరే, నీ ముల్లు సంగతి తర్వాత. ఈమెను ఆసుపత్రికి తీసకపోదాం రా."

ఆయన హడావిడిలో సెండరును బిగించబోతే టేపు చినిగి వచ్చేసింది. కొత్తది చుట్టే తీరిక లేదు. ఉత్త మరనే బిగించి పైకి వచ్చాడు. స్టార్ట్ చేయగానే ముల్లు లేచి నలభై మీద నిలబడింది. దాన్ని చూసి ఆయన నోరు తెరిచాడు. అత్త వెనక నుంచి బండి పోనీరా అంది. సెండరు పనిచేయాలంటే కరెంటు పారేందుకు దాని ఇత్తడి ఇంజన్ ఇనుముకు తగలాలట. జాగ్రత్తగా చుట్టిన టేపే ఆ తగలడాన్ని ఆపిందని ఆయనకు దారిలో అర్థమైంది. చెప్పబోతే వినేవాళ్లు లేరు.

ఆసుపత్రిలో చూస్తే ముసలామె బీపీ నిజంగానే చాలా ఎక్కువగా ఉంది. అక్కడే పడుకోబెట్టారు. ఆమె కొడుకు పరుగున వచ్చేదాకా అత్త ఆమె చేయి వదల్లేదు. మీరు ఏ క్యాంపు వాళ్లని నర్సు అడిగింది. పేరు పెట్టే ఫంక్షనుకు పోతాండాము అని అత్త చెప్పింది. నర్సు మా ముగ్గురినీ, బయట వ్యానునూ చూసి, చీటీ మీద ఏదో రాసుకొని లోపలికి పోయింది.

ధర్మవరం చేరేసరికి విస్తళ్లు ఎత్తేస్తున్నారు. పెద్దవాళ్లంతా ఎందుకింత ఆలస్యమని అడిగారు. మా ఆయన సెండరు దగ్గర మొదలుపెట్టాడు, అత్త ముసలామె దగ్గర మొదలుపెట్టింది, రెండూ కలిసి ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. చెల్లెలు బిడ్డను తెచ్చి నా ఒళ్లో పెట్టింది. పేరేమి పెట్టారని అడిగితే, టైముకొచ్చినోళ్లకే చెప్తామని మూతి తిప్పుకొని వంటింట్లోకి పోయింది.