పెద్దమ్మ ఒక్కతే తాగదు

మా పెద్దమ్మ పక్కవాళ్లకు పెట్టకుండా ఏదీ నోట్లో వేసుకునేది కాదు. పుంగనూరు బస్సులో శనక్కాయలు తిన్నా ముందు కండక్టరుకు గుప్పెడు ఇచ్చేది. అలా తినీ, తినిపించీ బాగా లావైంది.

కడుపులో పుండుకు ఆపరేషన్ చేయాలంటే ముందు ఒళ్లు తగ్గాలనీ, పరీక్షలు చేయించుకోవాలనీ మదనపల్లె ఆసుపత్రిలో చెప్పారు. ముక్కులోంచి గొట్టం వేసిన రోజు నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. మర్నాడు ఎక్స్‌రే గదిలో, గోడకు కొట్టే సున్నంలా చిక్కగా ఉన్న తెల్లటి మందు గ్లాసు నిండా ఇచ్చారు. పెద్దమ్మ ఈ మందు తాగనంటే ఆపరేషన్ ఆగిపోతుందని నా భయం.

పెద్దమ్మ ఆ గ్లాసును ఎక్స్‌రే తీసే ఆయన ముందుకు చాపింది.

"నువ్వూ రవ్వంత తాగప్పా. నేనొక్కదాన్నే యాడ తాగేది?"

"అది మందమ్మా!"

"అయితే రుసి సూడకుండానే అందరికీ ఇస్తాండావా?"

ఆయన అటూ ఇటూ చూసి ఓ చెంచాడు నోట్లో వేసుకున్నాడు. ముఖం వంకర్లు తిరిగింది. పెద్దమ్మ పొట్ట అదిరేలా నవ్వి, ఆ నవ్వులోనే గ్లాసు ఖాళీ చేసేసింది. ఆపరేషన్ బాగా జరిగింది.

ఐదారేళ్ల తర్వాత కడుపునొప్పితో నేనే ఆ ఎక్స్‌రే గదికి వెళ్లాను. అప్పటి ఆయనే ఆ తెల్లమందు గ్లాసు నా చేతికివ్వబోతూ ఆగి, ముందు తనో చెంచాడు మింగాడు.

"మీరు యాల తాగేది సార్?" అన్నాను.

"ఎప్పుడో ఒక లావుపాటమ్మ వచ్చినిందప్పా. అప్పట్నించీ ఈడ ఎవురూ ఒక్కరే తాగరు."