పోచమ్మకు మొక్కిన కోడి

మోండా మార్కెట్‌లో తెల్లవారిందని దేవమ్మ గొంతు వింటే తెలిసేది. తూకంలో వేలు పెట్టేవాళ్లను, వంకాయను గోటితో గిచ్చి చూసేవాళ్లను ఆమె ఊరికే పోనిచ్చేది కాదు. ముప్పై ఏళ్లుగా అదే చోట, గోనెపట్టా మీద కూరగాయలు పోసుకుని కూర్చుంటోంది. పక్క పట్టా ఖుర్షీదాది. ఆమె నిమ్మకాయలు, పచ్చిమిర్చి అమ్మేది. మెల్లగా మాట్లాడేది. ఇద్దరి పట్టాల మధ్య జానెడు నేల కూడా ఉండేది కాదు.

దేవమ్మ భర్త చనిపోయిన ఏడాది ఆ ఇంటికి ఏ పండుగా రాలేదు. ఏడాది దాటనీ అంటూ చుట్టాలు వాకిట్లోంచే పలకరించి వెళ్లిపోయారు. రంజాన్ నాడు ఖుర్షీదా మాత్రం గిన్నె నిండా షీర్ ఖుర్మా తెచ్చి, గడప దాటి వచ్చి కూర్చుంది. తాగితే గానీ లేవనంది. దేవమ్మ తిట్టింది. ఏడ్చింది. చివరికి తాగింది. చీకటి గదిలోకి ఎవరో కిటికీ మోసుకొచ్చి పెట్టినట్టయింది.

ఇప్పుడు చీకటి ఖుర్షీదా ఇంట్లో ఉంది. ఆమె భర్త నబీ లారీ డ్రైవరు. రజాకార్లు తుపాకీ చూపించి తోలమంటే తోలాడు. పోలీస్ యాక్షన్ అయ్యాక, లారీ తోలాడని అతన్ని పట్టుకుపోయారు. మూడు నెలలుగా కబురు లేదు. ఆమె నిమ్మకాయలు కొనేవాళ్లు లేక పట్టా మీదే ముడుచుకుపోతున్నాయి.

దేవమ్మ మనుమడికి పుట్టువెంట్రుకలు తీసే రోజు వచ్చింది. పిల్లలను తీసుకుని రమ్మని దేవమ్మ ముందే చెప్పింది. తన మొఖం చూస్తూ చుట్టాలు అన్నం తింటారా అని ఖుర్షీదా అడిగింది. తినకపోతే లేచి పొమ్మంటానంది దేవమ్మ.

ఆ ఇంట్లో దావత్ అంటే మేకను కోసేది పీర్ మహమ్మద్. అత్త కాలం నుంచీ అంతే. మసీదు గల్లీ నుంచి ఆ ముసలాయన వచ్చి హలాల్ చేస్తేనే ఖుర్షీదా వాళ్లకూ అదే కుండలోంచి వడ్డించవచ్చు. ఆయనను పిలుచుకురమ్మని దేవమ్మ తన మరిది సదాశివకు చెప్పి, ఆకులు తేవడానికి మార్కెట్‌కు వెళ్లింది.

తిరిగి వచ్చేసరికి మేక దూలానికి వేలాడుతోంది. సదాశివ బావి దగ్గర కత్తి కడుగుతున్నాడు.

"పీర్ మామ ఏడి?"

"పిలువలే వదినా. ఒక్క వేటుకు నేనే కొట్టిన. మన మేక, మన ఇల్లు. ఇంకెన్నాళ్లు?"

ఆకుల కట్ట దేవమ్మ చేతిలోంచి జారింది. ఊళ్లో అతని ఎడ్లను రజాకార్లు తోలుకుపోయిన సంగతి ఆమెకు తెలుసు. ఆ కొట్టం ఖాళీగా ఉండడం చూసి తనూ ఏడ్చింది.

"నీ ఎడ్లను ఖుర్షీదా తోలుకపోయిందా?"

"దాని మొగడు తోలిన లారీలే మా ఊర్లకొచ్చినయి." అంతలోనే అతను గొంతు తగ్గించాడు. "నువ్వు చెప్పకు. పెట్టెయ్. ఆమెకేం తెలుస్తది?"

అప్పటిదాకా మండింది వేరు, ఈ మాటకు మండింది వేరు. దేవమ్మ గొంతు ఒక్కసారిగా తగ్గింది. ఆమె గొంతు తగ్గితే ఇంట్లో అందరూ భయపడతారు.

"వాకిట్లకెల్లి ఎల్లగొడితే పగ అనుకుంట. పిలిచి, కూసోబెట్టి, తెల్వకుంట తినిపిస్తవా? దాన్ని ఏమనాలె సదాశివా?"

అతను కత్తి కడుగుతూనే ఉన్నాడు. కత్తి ఎప్పుడో శుభ్రమైంది.

గంప కింద పుంజు ఉంది. మనుమడికి జ్వరం తగ్గితే ఇస్తానని పోచమ్మకు మొక్కిన పుంజు, నిప్పు రవ్వ లాంటి తల. దేవమ్మ గంప ఎత్తి దాన్ని చంకలో పెట్టుకుంది. అది అమ్మవారిదని కోడలు గుర్తుచేసింది. దేవమ్మ అప్పటికే గల్లీలో ఉంది.

పీర్ మహమ్మద్ తలుపు మూడు నెలలుగా మూసే ఉంది. ఆమె దబదబా బాదింది.

"మామా, కత్తి పట్టుకొని బయటికి రా!"

లోపల ఊపిరి చప్పుడు కూడా ఆగిపోయింది. తానేమన్నదో అప్పుడు తెలిసి, ఆమె నుదురు తలుపుకు ఆనించింది.

"నేను దేవమ్మను. కోడి మామా... కోడి కోసేదుంది."

గడియ మెల్లగా కదిలింది.

మధ్యాహ్నం పంక్తిలో ఖుర్షీదా, ఆమె కూతురు బానో, చిన్న కొడుకు చివరన కూర్చోబోయారు. దేవమ్మ వాళ్లను నడిమధ్యకు లాక్కొచ్చింది. పెద్ద కుండ పక్కన చిన్న కుండ ఉండడం ఖుర్షీదా చూసింది. ఆ ఇంట్లో ఆమె ఎన్నడూ రెండు కుండలు చూడలేదు.

"వేరే వండినవా అక్కా?" అంది. ఆకు ముందు నుంచి లేవడానికి చెయ్యి నేలకు ఆనించింది.

దేవమ్మ దాచలేదు. మేకను తన మరిది పిలవాల్సిన మనిషిని పిలవకుండా నరికాడని, ఆ కుండ ఖుర్షీదా వాళ్లకు పనికిరాదని, పోచమ్మ కోడిని పీర్ మామతో కోయించానని పంక్తి అంతా వినేలా చెప్పింది. సదాశివ గరిటె పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు.

ఖుర్షీదా చెయ్యి ఇంకా నేల మీదే ఉంది. "మొక్కిన కోడిని నాకు కోసినవా? ఆ తల్లికి కోపమొస్తే?"

"రానీ. ఆమెకంటే నాకే ఎక్కువొచ్చింది."

ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. ఖుర్షీదా నవ్వలేదు. కాసేపు ఆకు వంక చూసి, చెయ్యి నేల మీది నుంచి తీసి అన్నంలో పెట్టింది. బానో అప్పటికే రెండో ముక్క అడుగుతోంది.

దేవమ్మ తనకూ ఒక ఆకు పరుచుకుని ఆమె పక్కన కూర్చుంది. ఇద్దరి ఆకుల మధ్య జానెడు నేల కూడా లేదు. వడ్డిస్తూ వడ్డిస్తూ సదాశివ దేవమ్మ ముందుకు వచ్చి మేక కూర గరిటె వంచబోయాడు. మనుమడి పేరున కోసిన మేక. దేవమ్మ తన ఆకును అరచేత్తో కప్పింది.

అతను నిలబడ్డాడు. కూర చుక్క ఒకటి ఆమె వేళ్ల మీద పడింది, వేడిగా. ఆమె చెయ్యి తియ్యలేదు.