గుర్రం కన్ను వేసిన రోజు

మొన్న తిరువూరు బస్టాండు ఎదురుగా కొత్తగా తెరిచిన ఫ్లెక్సీల దుకాణం ముందు నేనెక్కిన ఆటో ఆగితే, లోపల మిషను లోంచి ఒక గుర్రం బొమ్మ తోక వైపు నుంచి మెల్లగా బయటికి వస్తూ కనిపించింది. నేను చూస్తుండగానే తల దాకా వచ్చేసింది, కన్ను కూడా మిగతా ఒంటితో పాటే అచ్చయిపోయింది. ఆ పూట ఇంటికి వచ్చాక నాకు అన్నం సయించలేదు.

డెబ్బైల్లో తిరువూరు జట్కాల వెనక చెక్కల మీద పరుగెత్తే గుర్రాలూ, షావుకార్ల గేట్ల మీద నాలుక చాపిన కుక్కలూ మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటాయి. అవన్నీ ఒక్క పెయింటరు చేతివే. గుర్రమూ కుక్కా తప్ప మరొకటి అతని చేతికి లొంగేది కాదు. మనిషి బొమ్మ వేస్తే చేలో దిష్టిబొమ్మలా ఉండేది, ఆ సంగతి అతనే నవ్వుతూ చెప్పుకునేవాడు.

అప్పటికి మా పొలాలు చాలావరకు చేయిదాటిపోయాయి. నాన్నగారు చివరికి మా గోధుమరంగు ఆడగుర్రాన్ని కూడా గంపలగూడెం ఆసామికి ఇవ్వడానికి ఒప్పుకుని, అది వెళ్లేలోగా దాని బొమ్మా, తన వేటకుక్క బొమ్మా వేయించి హాల్లో పెట్టాలనుకున్నారు. పెయింటరు పదిరోజులు మా గుర్రపుసాల పక్కనే మకాం పెట్టాడు. నాతో పూటకో మాట కూడా మాట్లాడని నాన్నగారు అతని పక్కన కుర్చీ వేయించుకుని పొద్దుగూకేదాకా కబుర్లు చెప్పేవారు. డిగ్రీ చదివిన కొడుకునై ఉండీ నేను స్తంభానికి ఆనుకుని చూస్తూ ఉండేవాణ్ణి.

అతనికో పద్ధతి ఉండేది. ఒళ్లంతా పూర్తిచేసి కన్ను మాత్రం ఆఖరికి ఉంచేవాడు. యజమాని ఎదురుగా నిలబడి పిలిస్తే, ఆ జంతువు తల తిప్పి చూసే చూపునే కంట్లో పెట్టేవాడు. కుక్క కన్ను వేసేటప్పుడు నాన్నగారు ఈల వేశారు. అది చెవులు నిక్కించి ఆయన్ని చూసింది, చూపు కుదిరింది. గుర్రం వంతు వచ్చేసరికి, నాలుగేళ్లుగా దాన్ని ఎక్కి తిరిగినవాణ్ణి, ఆ ఇంటికి వారసుణ్ణి నేనే కనుక నన్ను నిలబడమన్నారు. జీతగాళ్లూ, మేనత్తా, ఇరుగుపొరుగూ వాకిట్లో చేరారు.

పిలిచాను. గుర్రం ఉలవలు నములుతూనే ఉంది. గొంతు పెంచి మళ్లీ పిలిచాను. చెవి కూడా కదపలేదు.

"గట్టిగా పిలవరా, అదేమన్నా కొత్త పెళ్లికూతురా సిగ్గుపడటానికి!" అంది మేనత్త. అందరూ నవ్వారు.

అంతలో పెయింటరు చిన్నగా దగ్గాడు. గుర్రం టక్కున తల తిప్పి, నోట్లో ఉలవల సంగతి మరిచిపోయి, అతన్ని చూసింది. అంత ప్రేమగా అది ఎవరినైనా చూడగలదని నాకు అంతవరకు తెలియదు. అతని కుంచె ఆ చూపునే పట్టుకుంది.

ఆ చూపు మా హాల్లో ఉంటుందన్న ఊహే నేను భరించలేకపోయాను. అతను రోజూ చాటుగా బెల్లం పెట్టి గుర్రాన్ని మచ్చిక చేసుకున్నాడని అందరి ముందూ నాన్నగారికి చెప్పాను. అది అబద్ధం. తెల్లవారగానే అతను వట్టి చేతులతో దాని మెడ పక్కన నిలబడి, ఊరికే చూస్తూ ఉండటం నేను కళ్లారా చూసినవాణ్ణే.

"నిజమేనా?" అన్నారు నాన్నగారు.

అతను నా వంక ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. "పెట్టానండి. తప్పేనండి."

"అయితే ఆ చూపు బెల్లానిది. తుడిచెయ్యి."

తుడిచి, మరో కన్ను వేసి, ఆ సాయంత్రమే బస్సెక్కి వెళ్లిపోయాడు. కొత్త కన్ను చాలా అందంగా కుదిరింది. అది ఎవరినీ చూడదు.

జట్కాలు పోయాయి, గుర్రపుసాలలు పోయాయి. పిలిస్తే గుర్రం తల ఎలా తిప్పుతుందో ఎరిగినవాళ్లం ఇక మనమే, మనమూ ఎక్కువమందిమి లేము. మా పొలాలు కొన్నవాళ్లు నా కళ్లముందే మేడలు కట్టారు, వాళ్లను చూసి ఏనాడూ కుళ్లుకోలేదు. వాళ్ల వాకిళ్ల ముందు తల ఎత్తుకునే నడిచాను. ఆ పెయింటరుని తలుచుకుంటే మాత్రం ఈ వయసులోనూ కడుపు మండుతుంది. ఆ రోజు అంతమంది ముందు నా పరువు నిలిపింది అతనేనని ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. ఒప్పుకున్నా మంట తగ్గలేదు. గుర్రమూ అతని వైపే తిరిగింది, పెద్దరికమూ అతని దగ్గరికే పోయింది.