గాలి మావయ్య కారుకొచ్చిన జబ్బు

మా వీధిలో ఎవరింట్లో ఏది చెడినా గాలి మావయ్యకు తోచే కారణం ఒక్కటే: లోపల గాలి చేరింది. కుళాయి గురగురమంటే గాలి. మిక్సీ మూలిగితే గాలి. పక్కింటి పిల్ల లెక్కల్లో తప్పితే, "బుర్రలో గాలి చేరిందమ్మా, కాస్త వంచి కుదిపితే పోతుంది" అన్నాడు. ఆ పిల్ల తల్లి ఆయనతో మాట్లాడటం మానేస్తే అదీ గాలే అన్నాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలకు అట్టలు కుట్టిన మనిషికి ఈ గాలి శాస్త్రం ఎలా ఒంటబట్టిందని జనం వింతపడితే, ఆయన భార్య, అంటే వీధికంతటికీ అత్తయ్య, "గాలి ఎక్కడుందో నాకు తెలుసు, చెప్తే బాగుండదు" అని ఊరుకునేది.

శాస్త్రం మొదలైంది ఆయన కొన్న పాత కారుతో. కొన్న వారానికే, "కూలెంటు మార్చడానికి మెకానిక్కెందుకు? పోసేవి నీళ్ళే కదా" అని గరాటా పట్టుకుని దిగాడు. రేడియేటరులో పాతవి వంపేసి, కొత్తవి గబగబా పోసి, మూత బిగించి, యుద్ధం గెలిచినవాడిలా చేతులు కడుక్కున్నాడు. మర్నాడు అత్తయ్యను ఎక్కించుకుని, కొండమీద ఊళ్ళో ఉన్న ఆవిడ అక్కయ్య ఇంటికి బయల్దేరాడు. కొండ సగం ఎక్కాక బండి ముందునుంచి పొగ లేచింది. సాయంత్రానికి ఇసుక లారీ వెనక తాడుతో కట్టించుకుని ఊరేగింపుగా తిరిగొచ్చారు. వీధి వీధంతా పనులు మానుకుని గుమ్మాల్లో నిలబడి స్వాగతం చెప్పింది.

"నీళ్ళు తిరిగే దారిలో గాలి బుడగ ఇరుక్కుందే. నీళ్ళు దాన్ని దాటలేవు. ఇంజను వేడెక్కింది. అంతకుమించి ఏంలేదు" అన్నాడు మావయ్య.

"ఇరుక్కున్నది బుడగ కాదు, నేను" అంది అత్తయ్య. "పెళ్ళినాడే."

నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ అత్తయ్య తొందర అత్తయ్యది. అక్కయ్యకు కంటి ఆపరేషను దగ్గరపడుతోంది. "కళ్ళకు కట్టు కట్టేలోపు ఒక్కసారి నీ ముఖం చూపించి పోవే" అని ఫోనులో అడిగింది. ఆ వంపుల దారిలో బస్సెక్కితే అత్తయ్యకు కడుపులో ఉన్నదంతా బయటికొస్తుంది. కారులో ముందు సీట్లో అయితే తట్టుకోగలదు. ఆ కారేమో ఇలా అయింది.

మర్నాడు పొద్దున మావయ్య బానెట్టెత్తి ఇంజను నడిపించి చూశాడు. అది కుతకుతలాడుతుంటే, తడిగుడ్డ పట్టుకుని రేడియేటరు మూత తిప్పబోయాడు. అప్పుడు ఎదురింటి కిటికీలోంచి ఒక కేక వచ్చింది.

"మూత ముట్టుకోకు. ముఖం ఉడికిపోతుంది."

ఆ గొంతు విని అత్తయ్య చేతిలో చీపురు జారిపోయింది. అది ఎదురింటి బస్సు డ్రైవరు గొంతు. జన్మంతా బస్సు నడిపిన మనిషి. చూపు మందగించిందని ఉద్యోగంలోంచి దింపేశాక, గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిండి లేదు, మాట లేదు. "మా మామగారు ఇలా ఉంటే దక్కుతారా పిన్నీ" అని ఆయన కోడలు పిట్టగోడ దగ్గర అత్తయ్యతో చెప్పుకుని కళ్ళు తుడుచుకునేది. ఆ మనిషి ఇప్పుడు చెప్పులైనా లేకుండా వీధి దాటి వచ్చేశాడు.

"ఇంజను చల్లారేదాకా ఆగాలని తెలీదా బావా? పుస్తకాలు కుట్టేవాడివి, పుస్తకం చదవలేదా?"

అత్తయ్య ఆయన్ని అన్నయ్యగారూ అంటుంది కాబట్టి మావయ్య ఆయనకు బావ. బావను తిట్టడానికి లైసెన్సు అక్కర్లేదు.

బండి చల్లారాక డ్రైవరు దగ్గరుండి చేయించాడు. గేటు ముందు ఏటవాలు మీదికి కారు ముక్కు పైకొచ్చేలా నిలబెట్టించాడు, గాలి పైకే పోతుంది కాబట్టి. మూత తీసి నెమ్మదిగా పోయించాడు. ఇంజను నడిపించి, హీటరు పూర్తిగా పెట్టించాడు, ఆ సన్న గొట్టాల్లోనూ గాలి దాక్కుంటుందని. మండుటెండలో హీటరు పెట్టుకుని కారులో కూర్చున్న మావయ్యను చూసి దారినపోయేవాళ్ళు జాలిపడ్డారు. డ్రైవరు లావు గొట్టాన్ని చేత్తో పిసుకుతూ దానికి చెవి దగ్గరగా పెట్టాడు. కంటికి ఆననిది చెవికి దొరికింది.

"విన్నావా బావా? బుడుంగుమంది. ఇంకోటుంది, ఆగు. అదిగో."

బుడగలు ఆగాక, రేడియేటరు ఫ్యాను దానంతటదే తిరిగాక, తగ్గినంత పోసి మూత బిగించారు. ఆ మధ్యాహ్నం డ్రైవరు అన్నం రెండోసారి అడిగి పెట్టించుకున్నాడని కోడలు పరుగున వచ్చి చెప్పింది.

కారు బాగైందనుకున్నారు కదా? అత్తయ్య కూడా అలాగే అనుకుని సంచి సర్దుకుంది. తెల్లారేసరికి మావయ్య గేటు దగ్గర నిలబడి పిలుస్తున్నాడు. "బావగారూ, మళ్ళీ గాలి చేరినట్టుందండీ."

ఆ మర్నాడూ అంతే. ఆ పై మర్నాడూ అంతే. డ్రైవరు చెప్పులేసుకుని, తల దువ్వుకుని, తిట్లు సిద్ధం చేసుకుని మరీ వచ్చేవాడు. "నీ బండి కన్నా జల్లెడ నయం బావా." అత్తయ్య సంచిలో మడతపెట్టిన చీరలు మడతలోనే మాసిపోతున్నాయి. అటు అక్కయ్య ఆపరేషను ఎల్లుండికి వచ్చేసింది.

ఇక లాభం లేదని, మావయ్య కూరలకు వెళ్ళిన సమయం చూసి అత్తయ్య మెకానిక్కును పిలిపించింది. అతను కిందా మీదా చూసి, బండి కింద పడుకుని చూసి, లేచి చేతులు దులుపుకున్నాడు.

"ఒక్క చుక్క కారట్లేదమ్మా. బండి గుండ్రాయిలా ఉంది."

"మరి నీళ్ళెటు పోతున్నాయి?"

"ఎవరైనా తాగుతున్నారేమో, ఇంట్లో కనుక్కోండి."

కనుక్కోవడమంటే అత్తయ్యకు ఒకరు నేర్పాలా. మర్నాడు తెలతెలవారుతుండగా వంటింటి కిటికీ రెక్క ఓరగా తీసి నిలబడింది. మావయ్య పిల్లిలా వచ్చాడు. రేడియేటరు మూత తీశాడు. గొట్టం తగిలించిన రబ్బరు బుడ్డితో గులాబీరంగు నీళ్ళు లాగి సీసాలో నింపాడు. మూత పెట్టేసి, సీసాను పూలకుండీల వెనక దాచబోయాడు. రోజూ తీసేవీ అవే, పోసేవీ అవే అన్నమాట.

"ఏం చేస్తున్నారు?"

మావయ్య ఉలిక్కిపడ్డాడు. "ఏంలేదే. గాలికి కాస్త చోటు చేస్తున్నాను."

"అక్కడ మా అక్క కళ్ళు కాయలు కాసేలా చూస్తోంది. మీకిక్కడ ఆటలా?"

ఆయన సీసాను అటూ ఇటూ మార్చుకున్నాడు. "ఆటలు కాదే. ఎదురింటాయనకు ఆ గదిలో గాలి ఆడటం లేదు. బండి బాగుపడిందంటే మళ్ళీ గోడవైపు తిరుగుతాడు. నేనేం చెయ్యను?"

అత్తయ్య ఎదురింటి కిటికీ వంక చూసింది. తర్వాత సీసా లాక్కుంది.

"ఇంత బుర్ర ఉండి ఇంకాస్త ఉండకూడదని ఎవరు రాసిపెట్టారో మీకు. ఆయన్నీ మనతో రమ్మంటే సరిపోదూ? కొండెక్కేటప్పుడు ఇంజను వినడానికి ఒక చెవి కావాలి కదా."

ఊళ్ళోవాళ్ళందరి గాలీ తీసే మనిషికి ఆ పొద్దున అత్తయ్య పూర్తిగా గాలి తీసేసింది.

సీసాలోవి తిరిగి రేడియేటరులో పోసి, ఆ రోజే ముగ్గురూ బయల్దేరారు. ముందు సీటు డ్రైవరుకిచ్చి, అత్తయ్య వెనక సీట్లో నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చుంది. దారి పొడుగునా డ్రైవరు నోరు ఆగలేదు. "గేరు మార్చు బావా. పేజీ తిప్పినట్టు తిప్పుతావేం?" వెనకటి సారి పొగ లేచిన వంపు వచ్చింది. వేడి చూపే ముల్లు పైకి జరిగిందని మావయ్య చెప్పాడు. "హీటరు పెట్టు. ఇంజను వేడి కొంత మనం పంచుకుందాం" అన్నాడు డ్రైవరు, చెవి ముందుకు పెట్టి. "బుడగ లేదు. ఎక్కలేక ఏడుస్తోంది, అంతే. పద." ముల్లు మెల్లగా దిగింది. ముగ్గురూ స్నానం చేసినట్టు తడిసిపోయి కొండమీదికి చేరారు.

అక్కయ్య గుమ్మంలోనే చెల్లెలి గడ్డం పట్టుకుని వెలుగులోకి తిప్పుకుంది. "ముఖం చూపించమంటే ఉడకబెట్టి తెచ్చావేమే" అంది. అని, కట్టు కట్టేవాళ్ళు పిలిచేదాకా ఆ ముఖాన్ని వదల్లేదు.

ఆపరేషను బాగా జరిగింది. తిరిగొచ్చాక, దొంగతనం బయటపడ్డ సిగ్గుతో మావయ్య కారు జోలికి పోలేదు. ఎదురింటి కిటికీ మళ్ళీ మూసుకుంది. అత్తయ్య ఒకరోజు చూసింది, రెండోరోజూ చూసింది. మూడోరోజు పొద్దున మావయ్య గురకపెడుతుండగానే రబ్బరు బుడ్డి వెతికి పట్టుకుని గేటు దగ్గరికి నడిచింది. పని ముగించి, కొంగుకు చేతులు తుడుచుకుని పిలిచింది.

"అన్నయ్యగారూ, బండిలో మళ్ళీ గాలి చేరినట్టుంది. మీ బావ ఇంకా లేవలేదు. ఒకసారి చూస్తారా?"

ఎదురింటి గడియ తీసిన చప్పుడైంది. డ్రైవరు చెప్పులేసుకుంటూ సణుక్కుంటూ వచ్చాడు.

"మీ ఇంట్లో ఇంత గాలి ఎక్కణ్ణుంచి వస్తుందమ్మా?"

"మొన్నటిదాకా మీ బావకొక్కడికే ఉండేది అన్నయ్యగారూ" అంది అత్తయ్య, సీసా కొంగు చాటుకు జరుపుకుంటూ. "ఇప్పుడు ఆయన గాలి నాకూ సోకింది."